అప్‌డేట్: రెండు బస్సులు కలిసి రావడం గురించి అడిగాను కదా

10 నిమిషాలకో బస్సని బోర్డు మీద ఉంటుంది, వస్తే మాత్రం రెండూ ఒకేసారి వస్తాయి, ఫిర్యాదు ఎలా రాయాలని అడిగాను. మీరన్నట్టే "సర్వీసు బాగోలేదు" అన్న ముక్క తీసేసి, లెక్కతో రాశాం.

బస్సులు బయల్దేరే చోట టైము రాసుకోవడం మొదటి పొరపాటు. అక్కడ అన్నీ బుద్ధిగానే కదులుతాయి! దారిలో ఆలస్యమైన బండికి స్టాపులో జనం పెరుగుతారు, వాళ్లు ఎక్కేసరికి అది ఇంకా వెనకబడుతుంది. వెనకది ఖాళీగా వచ్చి అందుకుంటుంది. అందుకే రూటు మధ్య స్టాపులో, రద్దీ వేళ రెండు గంటలు, బండి నంబరు, తలుపు తెరుచుకున్న నిమిషం రాసుకున్నాం.

బస్సుకీ బస్సుకీ మధ్య ఎడం 2, 18, 2, 18 నిమిషాలు అనుకోండి. సగటు 10, బస్సుల ఆఫీసువాళ్లు చూపేదీ అదే. కానీ పెద్ద ఎడంలో వచ్చి నిలబడేవాళ్లే ఎక్కువ, అందుకే ఒక్కో ఎడాన్నీ దానితోనే గుణించి కూడితే 656. మొత్తం 40 నిమిషాలకు రెట్టింపైన 80తో భాగిస్తే 8.2. ప్రయాణికుడు సగటున నిలబడేది అంతసేపు. బస్సులు సమంగా వస్తే 5 నిమిషాలే.

అడిగిందల్లా ఒకటే: కొత్త బస్సులు కాదు, మధ్యలో ఒక స్టాపు దగ్గర ముందు బండితో ఎడం చూసి వదలమని. అర్జీకి రసీదు ఇచ్చారు, జవాబు రావాలి.