నాయినకు ప్రొస్టేట్ క్యాన్సర్ అని ఆయనకే చెప్పలేదు, ఇంజెక్షనా ఆపరేషనా తేల్చుకోలేకపోతున్నాం

మునుగోడు బిడ్డ:
అందరికీ నమస్తే. మాది మునుగోడు దగ్గర ఊరు. నాయినకు 67 ఏళ్ళు, నాలుగెకరాల బత్తాయి తోట, మొన్నటిదాకా పొద్దున్నే పోయి తానే నీళ్ళు పెట్టుకునేవాడు. రెండేళ్ళుగా నడుం నొప్పి అంటున్నాడు. మా వైపు పెద్దవాళ్ళందరికీ ఉండేదే కదా, ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన ఎముకలు అనుకుని గోలీలతో నెట్టుకొచ్చాం. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేచేవాడు, వయసు మీద పడిందిలే అనుకున్నాం. దీపావళి తర్వాత ఒకరోజు మూత్రం పూర్తిగా బందై నల్గొండలో పైపు వేయించాం, అప్పటి నుంచి పరీక్షల మీద పరీక్షలు. మూత్రసంచి కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథికి చేసే రక్తపరీక్ష పి.ఎస్.ఎ. 140, ముక్క పరీక్షలో (బయాప్సీ) జబ్బు ఎంత ఉధృతంగా ఉందో చెప్పే గ్లీసన్ స్కోరు 4+4=8, బోన్ స్కాన్‌లో వెన్నుపూసల్లో, తుంటి ఎముకలో కూడా ఉందని వచ్చింది.

పట్నంలో డాక్టర్ రెండు దారులు చెప్పారు. మూడు నెలలకోసారి ఇంజెక్షన్ జీవితాంతం, లేదంటే ఒక్కసారే ఆపరేషన్ చేసి వృషణాలు తీసేయడం. ఏ దారి ఎంచుకున్నా మాత్రలు మాత్రం వేసుకోవాలట. నాయినకు గడ్డ వాచిందని తప్ప ఏమీ చెప్పలేదు. కానీ వార్డులో ఎవరో "బీజాలు తీసేస్తరంట" అంటే విని "గట్లైతే నన్ను ఇంటికి తీస్కపోండ్రి" అని మొండికేశాడు. అమ్మ ఒకటే ఏడుపు. తమ్ముడు పూణేలో పనిలో ఉన్నాడు. మా పెద్దమ్మ వాళ్ళేమో ముక్క తీసినందుకే అది ఒళ్ళంతా పాకిందంటున్నారు. కూతురిగా నేను ఈ మాట నాయినతో ఎట్లా మాట్లాడాలి? అసలు చెప్పాలా వద్దా?

పాలమూరు కోడలు:
చెప్పండి చెల్లీ. మా మామయ్యకు ఇదే జబ్బు, మేమూ రెండు నెలలు దాచాం, ఫైలు నా బ్యాగులోనే పెట్టుకుని తిరిగాను. తర్వాత ఒకరోజు ఆయనే "మీరు భయపడతరని నేను అడగలే" అన్నాడు. మొదటిరోజే ఆసుపత్రి బోర్డు కూడబలుక్కుని చదువుకున్నాడట. ఆ రెండు నెలలూ మనిషి ఒక్కడే ఆ భయం మోశాడు, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది. మీరు చెప్పలేకపోతే డాక్టర్‌తో చెప్పించండి. కానీ మీ అమ్మను గది బయట కూర్చోబెట్టొద్దు. ఇది మొగుడూపెళ్ళాల సంగతి కూడా, ఆమెకు తెలియకుండా ఎట్లా?

సాగర్ రోడ్డు:
నేను ఒప్పుకోను. మా పెదనాన్నకు పేరు చెప్పిన రోజు నుంచి అన్నం ముట్టలేదు. కొందరి గుండె తట్టుకోదు, ట్రీట్‌మెంట్ చేయించండి చాలు.

పాలమూరు కోడలు:
@సాగర్ రోడ్డు అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఇక్కడ ఆయన ట్రీట్‌మెంటే వద్దంటున్నాడు కదా, ఎందుకో చెప్పకుండా ఒంటి మీద కత్తి పెట్టించుకోమంటే ఎవరు ఒప్పుకుంటారు?

మిర్యాలగూడ తాత:
బిడ్డా, నాకు 71. నాలుగేళ్ళ కింద నాకు ఆ ఆపరేషన్ అయింది, అందుకే రాస్తున్నాను. ఈ సంగతి మగవాళ్ళు ఎవరూ నోరు విప్పి చెప్పరు, నాకూ ఎవరూ చెప్పలేదు. నడుం కింద మత్తు ఇచ్చి చిన్న కోత పెట్టి లోపలి వృషణాలు మాత్రం తీస్తారు, పై తిత్తి అట్లనే ఉంటుంది, పంచె కట్టుకుంటే బయటివాళ్ళకు ఏమీ తెలియదు. మరుసటి రోజు ఇంటికొచ్చాను. పది రోజులకు నడుం నొప్పి సగానికి దిగింది, నాకు అదే గొప్ప.

కోరిక పోతుంది, అది దాచను. కానీ ఇంజెక్షన్ తీసుకున్నా పోతుంది, ఎందుకంటే రెండూ చేసే పని ఒకటే, ఆ జబ్బుకు తిండి పెట్టే మగ హార్మోన్‌ను ఆపడం. ఇది తెలియక నేను ఆరు వారాలు ఇంజెక్షనా ఆపరేషనా అని కొట్టుకున్నాను. ఉన్నట్టుండి ఒంట్లో నుంచి వేడి ఆవిర్లు వస్తాయి, చెమటలు పడతాయి, రాత్రి పడుకుంటే చొక్కా తడిసేది. చిన్న మాటకు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. మా ఇంటామెకు ముందే అన్నీ చెప్పి ఉంటే నేను ఊరికే కసురుకుంటున్నానని ఆమె అంత బాధపడేది కాదు. మీ నాయినతో మాట్లాడే మగమనిషి ఇంట్లో లేకపోతే నాకు మెసేజ్ పెట్టు, ఫోన్‌లో నేను మాట్లాడతాను.

సిస్టర్ నల్గొండ:
క్యాన్సర్ వార్డులో చాలా ఏళ్ళు నర్సుగా చేశాను. ముక్క తీస్తే ఒళ్ళంతా పాకదు, పెద్దమ్మ వాళ్ళకు గట్టిగా చెప్పండి. అది అంతకుముందే ఎముకలకు చేరింది, అందుకే నొప్పి. మన జిల్లాలో ఇది చాలా ఆలస్యంగా దొరకడానికి ఒక కారణం మీరే రాశారు. ఫ్లోరోసిస్‌లోనూ ఎక్స్‌రేలో ఎముక తెల్లగా దట్టంగా కనిపిస్తుంది, ప్రొస్టేట్ నుంచి పాకినప్పుడూ చాలాసార్లు అట్లాగే కనిపిస్తుంది. అరవై దాటిన మగమనిషికి నడుం నొప్పితో పాటు మూత్రం సన్నగా వస్తుంటే ఫ్లోరైడ్ అని వదిలేయకుండా డాక్టర్‌ను అడిగి పి.ఎస్.ఎ. చేయించాలి. అది ఎక్కువ వచ్చిన ప్రతివాళ్ళకూ క్యాన్సర్ ఉన్నట్టు కాదు, మామూలు గ్రంథి వాపుకు, ఇన్ఫెక్షన్‌కు కూడా పెరుగుతుంది.

ఇంజెక్షన్ వైపు వెళ్తే ఒకటి అడగండి. కొన్ని రకాల ఇంజెక్షన్లకు మొదటి వారాల్లో హార్మోన్ కాస్త పెరిగి నొప్పి ఎక్కువ కావచ్చు, వెన్నుపూసల్లో ఉన్నవాళ్ళకు అది ప్రమాదం, అందుకే ముందు కొన్ని రోజులు వేరే మాత్ర ఇస్తారు. ఇంకొకటి, కాళ్ళలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మల మూత్రాలు తెలియకుండా పోతున్నా తెల్లవారనిద్దాం అనుకోవద్దు, ఆ రాత్రే బయలుదేరండి. వెన్నుపాము నొక్కుకుపోతే గంటల్లో కాళ్ళు పడిపోతాయి. మగ హార్మోన్‌ను ఇంకా తగ్గించే అబిరటెరోన్ మాత్రలు రాస్తే దాంతో ఇచ్చే ప్రెడ్నిసొలోన్‌ను స్టీరాయిడ్ అని భయపడి ఆపొద్దు, బీపీ చూపిస్తూ ఉండాలి. పి.ఎస్.ఎ. పడిపోయింది కదా అని మందు మానేసినవాళ్ళను చాలామందిని చూశాను, దయచేసి అది మాత్రం చేయొద్దు. ఎముకలు పలచబడతాయి కాబట్టి కాల్షియం, విటమిన్ డి డాక్టర్ రాసినట్టు వాడుతూ రోజూ నడవమనండి.

డబ్బు టెన్షన్ ఉంటే హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. ఉంది, అది ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. ఏ ఆసుపత్రికి వెళ్ళినా అక్కడ ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను కలిసి మీ కేసుకు ఏమేం వస్తాయో ముందే అడగండి, 104కు ఫోన్ చేసినా చెప్తారు. చికిత్సకు రైల్లో పోతే క్యాన్సర్ రోగికి, తోడు వచ్చేవాళ్ళకు టికెట్ రాయితీ ఉంటుంది, డాక్టర్ సంతకంతో ఫారం తీసుకోండి. తమ్ముడికి కూడా చెప్పండి, తండ్రికి ఉంది కాబట్టి 45 దాటాక అతను డాక్టర్‌ను అడిగి చూపించుకోవడం మంచిది.

మునుగోడు బిడ్డ:
అందరికీ దండం. నిన్న సాయంత్రం మిర్యాలగూడ తాత నాయినతో నలభై నిమిషాలు మాట్లాడాడు. నేను తోట గట్టు మీద దూరంగా కూర్చున్నాను. ఫోన్ పెట్టేసి నాయిన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అమ్మను పిలిచి "నీకు తెల్సా?" అని అడిగాడు, అమ్మ తెలుసని తలూపింది. "మరి నాతోనెందుకు చెప్పలే" అన్నాడు, కోపంగా కాదు. ఇద్దరూ చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నారు, నేనే బోర్ బంద్ చేసి వచ్చాను.

పొద్దున ఆపరేషన్‌కే ఒప్పుకున్నాడు, మూడు నెలలకోసారి పట్నం తిరగడం తన వల్ల కాదన్నాడు. వచ్చే గురువారం రమ్మన్నారు. రేషన్ కార్డులో పేరు ఒకలాగా, ఆధార్‌లో ఇంకోలాగా ఉంది, దాంతో ఇబ్బంది అవుతుందా?

సిస్టర్ నల్గొండ:
కావచ్చు. గురువారం దాకా ఆగకండి, రేపే రెండు కార్డులూ జిరాక్స్ తీసుకుని ఆరోగ్యమిత్ర దగ్గరకు వెళ్ళండి. వెళ్ళేరోజు నాయినకు వదులు లుంగీ, పాత రిపోర్టులన్నీ పెట్టుకోండి. రక్తం పలచబడే మాత్రలు, గుండె మాత్రలు ఏవైనా వాడుతుంటే ఆ చీటీ ముందే డాక్టర్‌కు చూపించండి, మీ అంతట మీరు ఆపకండి.