ప్రోస్టేట్ మందు వాడుతున్నా రాత్రి నాలుగుసార్లు లేవవలసి వస్తోంది

ప్రశ్న: నా వయసు 64. ప్రోస్టేట్ పెరిగిందని వైద్యులు టామ్సులోసిన్ రాశారు. నెల రోజుల్లో మూత్రధార మెరుగుపడింది గానీ, రాత్రి నాలుగుసార్లు లేవడం తగ్గలేదు. మందు మార్చమని అడగాలా?

సమాధానం 1: ముందుగా 3 రోజులు మూత్రం ఎప్పుడెంత వచ్చిందో కొలపాత్రతో కొలిచి రాసి పెట్టుకోండి. ఉదయం లేవగానే పోసినదానితో కలిపి రాత్రి మూత్రం 24 గంటల మొత్తంలో మూడో వంతు దాటితే, రాత్రిపూట మూత్రమే ఎక్కువగా తయారవుతోందన్నమాట; ఆ మందు కండరాలను సడలిస్తుందే తప్ప దాన్ని తగ్గించదు.

సమాధానం 2: నాకు అదే జరిగిందండీ. సాయంత్రానికి సాక్సు అచ్చులు పడేంతగా కాళ్లు వాచేవి, పడుకోగానే ఆ నీరే మూత్రంగా దిగేది. మధ్యాహ్నం గంటసేపు కాళ్లు ఎత్తిపెట్టుకోవడం మొదలుపెట్టాక నాలుగు కాస్తా రెండయ్యాయి.

సమాధానం 3: గురక, మధుమేహం ఉంటే ఆ సంగతి కూడా వైద్యులకు చెప్పండి; వాటివల్ల కూడా రాత్రి మూత్రం పెరగవచ్చు. ప్రోస్టేట్‌ను కుదించే ఫినాస్టరైడ్ మందు చేర్చితే ఫలితానికి 6 నెలలు పట్టవచ్చు.