గ్రామీణ నియోజకవర్గానికి స్థానికుడే ఎమ్మెల్యే కావాలని చట్టం చేయాలా?

పాలమూరు రైతు:
సర్పంచిగా పోటీ చేయాలంటే ఆ ఊరి ఓటర్ల జాబితాలో పేరుండాలి. శాసనసభకు మాత్రం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 5వ సెక్షన్ ప్రకారం రాష్ట్రంలో ఎక్కడ ఓటరైనా సరిపోతుంది కనుక, ఆదిలాబాద్ ఓటరు మక్తల్ వచ్చి నామినేషన్ వేయవచ్చు. మండలంలో ఏళ్ల తరబడి జెండా మోసినవాణ్ణి పక్కనపెట్టి, ఆఖరి రోజున హైదరాబాద్ నుంచి కారులో దిగిన ఆసామి చేతిలో బి-ఫారం పెట్టడానికి పార్టీలకు ఈ వెసులుబాటే దారి చూపుతోంది. గెలిచాక క్యాంపు కార్యాలయంలో మనకు దొరికేది పీఏ మాత్రమే. ఆడపిల్ల పెళ్లికి సర్కారు ఇచ్చే కల్యాణలక్ష్మి సాయం దరఖాస్తు ఎమ్మెల్యే సంతకం కోసం ఆగిపోతే, పెళ్లి చేసి అప్పులో ఉన్న తండ్రి ఆ రూ. 1,00,116 కోసం ఎవరి గడప తొక్కాలి? అందువల్ల గ్రామీణ స్థానాల వరకైనా, పోలింగుకు ముందు మూడేళ్లు అక్కడే ఓటరుగా ఉన్నవారే అర్హులని చట్టాన్ని సవరించాలని నా వాదన.

గన్నవరం పాఠకుడు:
పుచ్చలపల్లి సుందరయ్య గారిది నెల్లూరు జిల్లా అలగానిపాడు. 1955లోనూ, 1962లోనూ, 1978లోనూ ఆయనను శాసనసభకు పంపింది మా గన్నవరం. నేను అడిగింది పుట్టుక కాదు, ఓటరు నమోదు మాత్రమేనని మీరు అనవచ్చు. కానీ ఒకసారి చట్టంలోకి ‘స్థానికుడు’ అనే మాట వచ్చిందంటే ఊళ్లలో ప్రచారం నడిచేది పుట్టుక మీదా, కులం మీదా, ఇంటిపేరు మీదానే. పైగా వద్దనుకున్న పరాయివాణ్ణి ఓడించడం ఓటరుకు ఒకరు నేర్పాలా? 1989లో ఎన్.టి. రామారావు గారిని హిందూపురం గెలిపించగా కల్వకుర్తి ఓడించింది. 2023లో అప్పటి ముఖ్యమంత్రి చంద్రశేఖర్ రావు గారూ, ఆ వెంటనే ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డి గారూ తమ తమ స్థానాలతో పాటు కామారెడ్డిలో కూడా నిలబడితే, అక్కడి ఓటర్లు ఇద్దరినీ కాదని కాటిపల్లి వెంకటరమణారెడ్డి గారిని ఎన్నుకున్నారు. ఆ ఏడాది జనవరిలో మాస్టర్ ప్లాన్‌లో తమ పొలాలను పారిశ్రామిక జోన్ కింద చూపారని రైతులు రోడ్డెక్కినప్పుడు ఆయన వారి పక్షాన ఉన్నారన్న సంగతి జనం మరచిపోలేదు.

వనపర్తి విద్యార్థిని:
ఒక చిన్న మాట. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో రోగిని చేర్చి ఎల్‌ఓసీ (చికిత్స ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఇచ్చే హామీ పత్రం) కోసం పరుగెత్తేవాళ్లకు, ఎమ్మెల్యే హైదరాబాద్‌లో ఉండడమే మేలు. దానికి కావలసిన ఎమ్మెల్యే సిఫారసు లేఖ మీద సంతకం కోసం వనపర్తి వచ్చి, మళ్లీ పంజాగుట్ట వెళ్లేసరికి ఒక రోజు పోతుంది. దగ్గర ఉండడం అంటే ఎక్కడ ఉండడమో అవసరాన్ని బట్టి మారుతుంది.

ఖమ్మం న్యాయవాది:
పాలమూరు రైతు గారు కోరుతున్నది మన చట్టానికి పూర్తిగా పరాయి ఆలోచన కాదు. అస్సాం స్వయంపాలిత జిల్లాలకు కేటాయించిన స్థానాల్లో పోటీ చేసే గిరిజన అభ్యర్థి ఆ జిల్లా పరిధిలోని నియోజకవర్గంలోనే ఓటరై ఉండాలని అదే 5వ సెక్షన్ చెబుతోంది. అయితే దేశమంతటి ధోరణి దీనికి ఎదురుగా సాగుతోంది. రాజ్యసభకు ఆ రాష్ట్ర ఓటరే కావాలన్న షరతును 2003లో పార్లమెంటు తొలగించింది, 2006లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఇక ఆచరణలో చూస్తే, ఒక ఇల్లు అద్దెకు తీసుకుని ఫారం-8 నింపి ఓటు మార్చుకోవడం డబ్బున్న అభ్యర్థికి కష్టం కాదు. మూడేళ్ల ముందే ఆ పని చేయించి పెట్టుకుంటారు. షరతు వల్ల చిక్కుల్లో పడేది పెళ్లయి వేరే ఊరికి వెళ్లిన ఆడపడుచులూ, కూలి కోసం వలస వెళ్లి వచ్చినవారే. నన్నడిగితే సవరించవలసింది 33వ సెక్షన్. ఒకే మనిషి రెండు స్థానాల్లో నిలబడి, రెండూ గెలిచి, ఒకదాన్ని వదిలేసి ఉపఎన్నిక తెచ్చిపెట్టడాన్ని అది ఇంకా అనుమతిస్తోంది.

చింతూరు ఉపాధ్యాయుడు:
మా ఏజెన్సీలో ఈ ప్రశ్నకు ఇంకో ముఖం ఉంది. 2014 ఏప్రిల్‌లో మేము భద్రాచలం నియోజకవర్గంలో ఓటు వేసి సున్నం రాజయ్య గారిని గెలిపించాం. ఆ తరువాత పోలవరం ముంపు పేరుతో మా మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మేము ఓటు వేసిన ఎమ్మెల్యే తెలంగాణ సభలో ఉండగా, మా గోడు వినవలసిన ఆంధ్రప్రదేశ్ సభలో 2019 దాకా మాకంటూ ఎవరూ లేకపోయారు. ఆటోలో, బస్సులో తిరిగిన రాజయ్య గారి సొంత ఊరు వి.ఆర్. పురం మండలంలోదే, అంటే ఆయన ఊరు కూడా ఇటే వచ్చింది. 2019లో ఆయన మా మండలాలు చేరిన రంపచోడవరం నియోజకవర్గం నుంచి నిలబడి ఓడిపోయారు. ఇక్కడ స్థానికతకు హద్దు ఏది? కూనవరం రైతుకు మారేడుమిల్లి ఘాట్ దిగి వెళితే గాని చేరలేని రంపచోడవరం మనిషి, చట్టం దృష్టిలో స్థానికుడే అవుతాడు. పరిహారం జాబితాలో పేరు పోయిందని చెప్పుకోవడానికి అంత దూరం వెళ్లిన వాళ్లను నేను ఎరుగుదును.

పాలమూరు రైతు:
న్యాయవాది గారు చెప్పిన అస్సాం ఉదాహరణ నాకు కొత్త బలం ఇచ్చింది. గ్రామీణ స్థానాలన్నింటికీ కాకపోయినా, ఎస్టీ రిజర్వుడు స్థానాల్లో ఆ పద్ధతిని పెట్టి చూడవచ్చు కదా? రెండు చోట్ల పోటీని ఆపాలన్న దానికి నేనూ మద్దతు ఇస్తాను. కానీ ఓటరు ఓడిస్తాడు కనుక చట్టం అక్కరలేదన్న గన్నవరం వారి మాట ఒప్పుకోను. అన్ని ప్రధాన పార్టీలూ బయటివాళ్లనే నిలబెట్టిన చోట ఓటరు ఎవరిని ఓడించినా గెలిచేది మరో బయటివాడే. కామారెడ్డి ప్రతిచోటా దొరకదు.

చింతూరు ఉపాధ్యాయుడు:
మీ షరతు పెట్టినా మాకు వచ్చేది కొంత మేలే, అదీ రంపచోడవరం అంత పెద్దదిగా ఉన్నంత కాలం. 2014 విభజన చట్టం 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్ స్థానాలను 175 నుంచి 225కు, తెలంగాణ స్థానాలను 119 నుంచి 153కు పెంచాలని చెప్పి పుష్కరం గడుస్తోంది. ఆ పెంపు ఎప్పుడు జరిగినా చింతూరు, కూనవరం, వి.ఆర్. పురం, ఎటపాక మండలాలతో ఒక స్థానం వేరుగా ఏర్పరచాలని మేము పునర్విభజన సంఘాన్ని అడగదలచుకున్నాం. జనాభా చాలదని వారు అంటారు, అది నిజమే. పరిమాణాన్ని, దారిని, కొండలను కూడా లెక్కలోకి తీసుకోవాలన్నదే మా అర్జీలో మొదటి అంశం. దాని ముసాయిదా చూసి చట్టపరమైన లోపాలు చెప్పగలిగితే ఖమ్మం న్యాయవాది గారికి రుణపడి ఉంటాం.