పాత ఆరు సాళ్ళ ప్లాంటర్: సందులు ప్లేట్ల వల్లా, డ్రైవర్ వల్లా?

ఎర్రనేల కుర్రోడు:
అన్నలకు నమస్కారం. మాది కదిరి దగ్గర, ఎర్ర గరప నేల. ఈసారి శెనక్కాయ విత్తడానికి ట్రాక్టర్ వెనక తగిలించే ఆరు సాళ్ళ ప్లాంటర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ట్రాక్టర్ 35 హెచ్‌పీ. రకం కె-6. సాలుకూ సాలుకూ 30 సెంటీమీటర్లు, గింజకూ గింజకూ 10 పెట్టుకుని జూలై మొదట్లో పడిన వానకు ఒక ఎకరా విత్తి చూశాం. మొలక వచ్చాక చూస్తే అక్కడక్కడా జానెడు, మూరెడు సందులు. రెండు చివరి సాళ్ళు మరీ పలచన. ఇంకా నాలుగెకరాలు ఉంది, మళ్ళీ పదును (విత్తడానికి సరిపడా తడి) అయ్యేలోగా బండిని దారికి తేవాలి. విత్తనం పెట్టెల్లో తిరిగే ప్లేట్లు మార్చమంటారా, పెట్టెల్లో ఒలిచిన విత్తనపు పప్పు పెంచి పోయమంటారా?

స్ప్రాకెట్ మామ:
పెట్టెలో ఎక్కువ పోస్తే ఎక్కువ పడదు అబ్బాయ్. వాలుగా ఉన్న ప్లేటు తిరుగుతూ ఒక్కో గుంటలో ఒక్కో పప్పును పైకి మోసుకెళ్ళి పైపులో వదులుతుంది. ఎన్ని పడాలన్నది గుంటలూ, చెయిన్ వేసిన పళ్ళ చక్రాలూ చూసుకుంటాయి. నిండా పోశావంటే పప్పు ప్లేటు మీదుగా పొర్లి ఒకచోట గుప్పగా పడుతుంది. పాత బండ్లలో గుంటల అంచులు అరిగి ఉంటాయి. పప్పు పైదాకా పోకుండానే జారిపోతుంది. నీ జబ్బు అదే.

ప్లాంటర్‌ను లేపి కింద దిమ్మెలు పెట్టు. హైడ్రాలిక్‌ను నమ్మి దాని కింద దూరొద్దు. ఆరు పైపులకు ఆరు సంచులు కట్టి నేల మీద దొర్లుతూ ప్లేట్లను తిప్పే నేల చక్రాన్ని చేత్తో 20 చుట్లు తిప్పు. చక్రం చుట్టుకొలత ఒకటిన్నర మీటరు అయితే 20 చుట్లకు 30 మీటర్లు, అంటే సంచికి 300 పప్పులు. ఏ సంచిలో తగ్గితే ఆ ప్లేటు మార్చు. మిగతా కథలన్నీ తర్వాత.

గొర్రే మేలు:
మా అమ్మావాళ్ళు గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో (గొర్రుకు ఉండే విత్తనం గిన్నెలో) చేత్తో వేసినప్పుడు ఈ సందుల గోల లేదు.

నాలుగెకరాల ఆసామి:
స్ప్రాకెట్ గారూ, నిలబెట్టి చేత్తో తిప్పితే ఏ ప్లేటైనా బుద్ధిగానే రాలుస్తుంది. పొలంలో డ్రైవర్ మూడో గేరులో పోతే? ప్లేటు అంత జోరుగా తిరిగితే గుంటలో పప్పు కూర్చునే టైమే ఉండదు. నిరుడు మాకు బాడుగకు వచ్చిన బండి నాలుగెకరాలూ రెండు గంటల్లో విత్తేసి పోయింది. మీటరుకు పది ఉండాల్సిన చోట ఆరేడు మొక్కలు. ఆ సంవత్సరం మాకు పెట్టుబడి కూడా రాలేదు. తమ్ముడూ, నీ ప్లేట్లు అలాగే ఉంచు, స్పీడు తగ్గించు.

స్ప్రాకెట్ మామ:
ఆ బండికి ఉన్నవి ఎన్ని గుంటల ప్లేట్లు? పదివా, పన్నెండువా?

నాలుగెకరాల ఆసామి:
నాకేం తెలుసు? నేను గుంటలు లెక్కపెట్టడానికి పోలేదు, మొలకలు లెక్కపెట్టాను.

స్ప్రాకెట్ మామ:
అది తెలియకుండా డ్రైవర్‌ది తప్పని ఎలా తేల్చారు? చెయిన్ మార్చకుండా పన్నెండు గుంటలు ఉండాల్సిన చోట పదివి వేస్తే మెల్లగా పోయినా పలచనే.

పెన్నా గట్టు:
కుర్రోడా, సందు ఉన్నచోట మట్టి తీసి చూశావా? లోపల పప్పు ఉందా, లేదా?

నాలుగెకరాల ఆసామి:
గుంటలు పదా పన్నెండా అని నన్ను కోర్టులో నిలబెట్టినట్టు అడుగుతున్నారు. బండి నాది కాదు, ప్లేట్లు నావి కావు. పప్పు మాత్రం నాది.

విత్తనాల వీరయ్య:
పప్పును జల్లెడ పట్టారా? చిన్నదీ పెద్దదీ కలిసి ఉంటే పెద్దది గుంటలో కూర్చోదు, చిన్నవి రెండేసి దూరతాయి. మందు పట్టించి నీడలో ఆరకుండా పోసినా ప్లేటుకు అతుక్కుంటుంది. ఇవి చూడకుండా బండిని తిట్టొద్దు.

ఎర్రనేల కుర్రోడు:
మామ చెప్పినట్టు 20 చుట్లు తిప్పాం. మూడో సాలులో 214. మిగతా అయిదింట్లోనూ 285 నుంచి 296 లోపే, చివరి రెండు కూడా అంతే. పప్పు జల్లెడ పట్టిందే, ఆరబెట్టిందే. పెన్నా గట్టు అన్నా, సాయంత్రం పొలానికి పోయి తవ్వి చూస్తా.

స్ప్రాకెట్ మామ:
214! మూడో ప్లేటు అరిగిపోయింది. నేను చెప్పిందేంటి?

నాలుగెకరాల ఆసామి:
మరి చివరి సాళ్ళు? వాటి ప్లేట్లు బాగున్నాయని మీ లెక్కే చెబుతోంది కదా. అక్కడ పలచన ఎందుకు?

ట్రాక్టర్ తాత:
ఆరు సాళ్ళ బండిలో చివరి రెండు కర్రులూ టైరు జాడలో పడతాయి. నేల అక్కడ అణిగి గట్టిపడుతుంది, కర్రు పైపైనే పోతుంది. ఆ రెండింటినీ ఒక అంగుళం కిందికి దించి బిగించండి. ట్రాక్టర్‌కూ ప్లాంటర్‌కూ మధ్య పైన ఉండే కడ్డీ, టాప్ లింక్ కూడా చూడండి. ఫ్రేము ముందుకో వెనక్కో వాలితే లోతు తప్పుతుంది.

ఇంకొకటి, చేత్తో తిప్పినప్పుడు నేల చక్రం జారదు, దుక్కిలో జారుతుంది. చక్రానికి సున్నంతో గుర్తు పెట్టి పొలంలో 20 చుట్లకు ఎంత దూరం పోయిందో టేపుతో కొలవండి. 30కి బదులు 33 మీటర్లు వస్తే, పది సెంటీమీటర్లు అనుకున్నది పదకొండు అయినట్టే.

నాలుగెకరాల ఆసామి:
తాతగారు చెప్పింది వేరే. మామ మాత్రం స్పీడు అన్న మాట నోట రానివ్వడు. ఎందుకో చెప్పనా? ఆయనకూ ప్లాంటర్ ఉంది, బాడుగకు తిప్పుతాడు. మొన్న డీజిల్ ధర చర్చలో ఆయనే రాశాడు.

స్ప్రాకెట్ మామ:
తిప్పుతా. దొంగతనమా అది? వాన పడిన మర్నాడు పొద్దున అయిదింటి నుంచి ఫోన్లే. పదును మా నేలల్లో రెండు, మూడు రోజులు. ఊళ్ళో అందరికీ ఆ రెండు రోజుల్లోనే కావాలి. నీది ఆలస్యమైతే తిట్టేది నువ్వే, తొందరగా ముగిస్తే తిట్టేదీ నువ్వే. గంట లెక్కన ఇవ్వండి, రెండో గేరులో నడిపిస్తా అంటే ఒక్కడూ ఒప్పుకోడు. ఎకరాకింత అని మీరే బేరం చేస్తారు.

నాలుగెకరాల ఆసామి:
ఇప్పుడొచ్చారు దారికి. నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే. ఎకరా లెక్కన తీసుకున్నవాడికి సందు వస్తే ఏంటి, గుప్ప పడితే ఏంటి? 30 బై 10 కి ఎకరాకు దాదాపు లక్షా 35 వేల గింజలు కావాలి. వంద పప్పులు 40 గ్రాములు తూగితే 54 కిలోలు. ఆ ఖర్చు నాది, దుక్కి నాది, వాన పోతే నష్టం నాది. మొలకలు వచ్చేసరికి బండివాడు వేరే ఊళ్ళో ఉంటాడు.

స్ప్రాకెట్ మామ:
నీ దుక్కిలో గడ్డలు, మోళ్ళు ఉంటే పైపు కూరుకుపోతుంది, ఆ సందుకూ నేనే పూచీనా? కర్రులు నేలలో ఉండగానే రివర్స్ చెయ్యమన్న రైతులు ఉన్నారు, మూల వదలొద్దని. పైపులో మట్టి దూరి ఆ సాలంతా ఖాళీ.

గొర్రే మేలు:
అందుకే గొర్రు.

విత్తనాల వీరయ్య:
గొర్రు సరే, వెనక నడిచి వేసే ఆడవాళ్ళు దొరకాలి కదన్నా. మా ఊళ్ళో ఆ రోజుకు కూలీలు ఎంత అడిగినా రారు.

ఎర్రనేల కుర్రోడు:
తవ్వి చూశాం. చివరి సాళ్ళలో పప్పు ఉంది, కానీ అంగుళం లోతులోనే, పొడి మట్టిలో. మొలక పగిలి ఎండిపోయినవి కొన్ని. మిగతా సాళ్ళలో రెండంగుళాల దాకా పడింది, అవి బాగానే లేచాయి. మూడో సాలు సందుల్లో అసలు పప్పే లేదు. పొలంలో 20 చుట్లకు 32 మీటర్లు వచ్చింది. మా నాన్న మాత్రం గేరు మార్చనంటున్నాడు, మధ్యాహ్నానికి పదును ఆరిపోతుందట.

నాలుగెకరాల ఆసామి:
మీ నాన్నకు సొంత పొలంలో కూడా తొందరే. నేను మాత్రం ఈసారి బాడుగ బండిని పిలిస్తే, మొదటి మడిలో పది మీటర్ల సాలు మట్టి తీసి లెక్కపెడతా. 90 పప్పులు ఉంటేనే మిగతాది విత్తమంటా.

స్ప్రాకెట్ మామ:
మట్టి తీసి లెక్కపెట్టేదాకా నా బండి ఇంజను ఆపుకుని నిలబడాలా? ఆ అరగంటకు డబ్బు ఇస్తే లెక్కపెట్టుకో. ఇవ్వనంటే నీ ఊరికి నా బండి రాదు.

నాలుగెకరాల ఆసామి:
ఎంత?

స్ప్రాకెట్ మామ:
పర్సనల్ మెసేజ్ పెట్టు. కుర్రోడా, పాత మూడో ప్లేటు విప్పి పట్టుకునిపో. గుంటల సంఖ్య, మధ్య రంధ్రం, మందం మూడూ సరిపోతేనే కొత్తది కొను. ఒక్కటే తీసుకోకు, రెండు తెచ్చుకో.