బస్తీ కమిటీకి జెండల షాపాయన్ని అధ్యక్షుణ్ణి చెయ్యాల్నా వద్దా? జర చెప్పుర్రి

గల్లీ_సెక్రటరీ | శుక్రవారం రాత్రి 9:12
అందరికి నమస్తే. మాది నల్గొండనే, ఏ బస్తీ అనేది చెప్తలేను, తెల్సినోళ్లు తెల్సుకుంటరు. సంగతేందంటే మా బస్తీల జెండలు ఫ్లెక్సీలు బ్యానర్లు చేసే షాపాయన ఉన్నడు. పదేండ్ల సంది ఆగస్టు 15కు జనవరి 26కు గద్దె మీద ఎగిరే జెండ ఆయనదే, పిల్లల చేతుల్ల పట్టుకునే చిన్న జెండలు 300 ఆయనయే. బతుకమ్మకు స్టేజి ఎనుక బ్యానరు, వినాయకుని ట్రాక్టరుకు కట్టే గుడ్డ, లతీఫ్ సాబ్ గుట్టకు ఉర్సుకు పోయేటోళ్లకు పచ్చ జెండలు, అన్ని ఆయనే ఇస్తడు. గరీబోళ్ల ఇంట్ల ఎవరన్న పోతే శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి పైస ముట్టడు. ఇప్పుడు ఆగస్టు 15 లోపల కమిటీ మార్చాలె, ఈసారి అధ్యక్షునిగ నేనుంట అన్నడు. సగం మంది సరే అంటుర్రు, సగం మంది మొకం పక్కకు తిప్పుకుంటుర్రు. మీరేమంటరు? కొట్లాడొద్దు.

పానగల్లు_పోరడు | 9:20
ఇందుల అడిగేదేముంది అన్నా. పెట్టేటోనికి కుర్చియ్యకపోతే తినేటోనికిస్తరా?

రిటైర్డ్_సార్ | 9:47
నాది కూడా అదే బస్తీ, కాబట్టి నాకు మాట్లాడే హక్కు ఉంది. ఆయన మంచోడా చెడ్డోడా అన్నది నేను మాట్లాడను. పోయిన ఆగస్టు 15 నాడు జెండా ఎగరేసిన పోలుకు మనిషి నడుము ఎత్తులో ఆయన షాపు బోర్డు కట్టి ఉంది, ఫోన్ నెంబరుతో సహా. 2002 ఫ్లాగ్ కోడ్ ప్రకారం జాతీయ జెండాను ప్రచారానికి వాడొద్దు, జెండా ఎగిరే పోలుకు ప్రకటన బోర్డు కట్టొద్దు. పోలు మీద పూలదండ కూడా వెయ్యొద్దు, పూల రేకులు జెండా మడతలో పెట్టుకోవచ్చు, అంతే. జెండా మీద అక్షరం రాయొద్దు. 30 ఏండ్లు బడిలో పిల్లలతో జెండా కట్టించిన మనిషిని, ముడి ఎట్లా వెయ్యాలో కూడా నేనే నేర్పిన. ఇది తెలియని మనిషి అధ్యక్షుడైతే రేపు చక్రం మధ్యలో వాట్సాప్ నెంబరు వేస్తాడు.

మిర్యాలగూడ_మిల్లు | 9:50
సార్ చక్రంల 24 ఆకులు ఉన్నయ్, నెంబరు పడ్తది 😂

పానగల్లు_పోరడు | 10:05
సార్ మీరు బోర్డు చూసిండ్రు, నేను వేరే చూసిన. మా నాయిన పొద్దుగాల 4 గంటలకు పోయిండు, నేను ఏం చెయ్యాల్నో తెల్వక గడప మీద కూసున్న, 6 కొట్టక ముందే ఫ్లెక్సీ ఇంటి ముంగట కట్టి ఉంది. ఫొటో మా చెల్లె ఫోన్లకెళ్లి తీస్కున్నడట, నాకు ఎవరడిగిర్రో గూడ యాదికి లేదు. రింగులు కొట్టి, తాళ్లు తెచ్చి, ఆయనే నిచ్చెన ఎక్కి కట్టిండు. పదకొండో రోజు పైసలిస్త అంటే నా చెయ్యి పట్టుకొని పక్కకు పెట్టిండు. కరోనాల గుడ్డ మాస్కులు కుట్టి ఇంటింటికి ఎవరు పంచిర్రు? అప్పుడు కోడు ఏడవోయింది సార్? బోర్డు అనేది ఆయన కట్టలే, షామియానా పిలగాడు కట్టిండు, అదిగూడ పోలుకు కాదు, పక్కన వెదురు కట్టెకు.

చండూరు_మగ్గం | 10:31
మా ఊరు చండూరు, మీ బస్తీ కాదు గని జెండ సంగతి కాబట్టి చెప్తున్న. మీరంత బోర్డు కాడ ఆగిర్రు, గుడ్డ సంగతి ఎవ్వలు అడుగుతలేరు. ఆయన ఇచ్చేది పాలిస్టరు. 2021 డిసెంబరు 30 దాకా జెండ అంటే చేత్తో వడికి చేత్తో నేసిన గుడ్డనే, ఆ రోజు కోడు మార్చి పాలిస్టరు గూడ పెట్టొచ్చు మిషను మీద చేసింది గూడ పెట్టొచ్చు అన్నరు. తెల్లారేసరికి 2022ల హర్ ఘర్ తిరంగా, పోస్టాఫీసుల జెండ 25 రూపాయలు. హుబ్బళ్లి పక్కన బెంగేరిల ఖాదీ జెండలు చేసేటోళ్లే ధర్నా చేసిర్రు, ఇగ మాదెంత. మీ షాపాయనకు అప్పటిసంది మూడంతస్తుల బిల్డింగు లేసింది, మా గల్లీల మగ్గాలు గుంతల్ల నుంచి లేసినయ్, లేసి పాత ఇనుప సామానోనికి పోయినయ్.

పానగల్లు_పోరడు | 10:38
అన్నా మీ మగ్గాల మీద పట్టుచీరెలు నేసిండ్రు గని ఎన్నడన్న జెండ గుడ్డ నేసిర్రా?

చండూరు_మగ్గం | 10:44
నెయ్యలే. నేస్తం అని అడగనీకె గూడ తొవ్వ లేకుంట పోయింది అంటున్న. సమజైతే సమజ్ చేస్కో లేకుంటే ఇడిసిపెట్టు.

రిటైర్డ్_సార్ | 10:52
వెదురు కట్టె అన్నారు. ఆ వెదురు కట్టెను దేనికి కట్టారు? పోలుకే కట్టారు. అంటే బోర్డు పోలుకు కట్టినట్టే.

రామగిరి_చెల్లె | 11:03
అయ్యో దేవుడా 🙏

గల్లీ_సెక్రటరీ | 11:10
పోయినసారి ఫొటో నా దగ్గరుంది, చూసిన. బోర్డు వెదురు కట్టెకే ఉంది సార్, కట్టెకు పోలుకు నడుమ జానెడు సందుంది. కింద తాడు ఒక్కటే.

రిటైర్డ్_సార్ | 11:14
తాడు ఒక్కటే అని మీరే ఒప్పుకున్నారు. సంతోషం.

కామ్రేడ్_మనవడు | శనివారం పొద్దున 7:40
నిన్న రాత్రి నిద్రవోయిన, ఇప్పుడు సదివిన. ఒక్క మాట. ఆయన షాపుల గులాబీ, కాషాయం, ఎర్రది, చెయ్యి గుర్తుది అన్ని ఒకటే కత్తెర కింద తెగుతయ్, ఎలచ్చన్లప్పుడు రాత్రంత లైటు ఆరది. తప్పని నేననను, దర్జీకి పార్టీ ఉంటదా. గని అధ్యక్షుని కుర్చిల కూసుంటే రేపు సెప్టెంబరు 17, అదే హైదరాబాద్ రాజ్యం ఇండియల కలిసిన రోజు, వచ్చినప్పుడు పంచాయితి. ఒకలు విమోచనం, ఒకలు విలీనం, ఒకలు సమైక్యత అంటరు, బ్యానరు మీద ఏం రాస్తడు? ఎవని ఆర్డరు పెద్దగుంటే అది రాస్తడు. మా తాత సాయుధ పోరాటంల జెండ పట్టినప్పుడు గుడ్డ ఎవరు స్పాన్సర్ చెయ్యలే, మా నాయనమ్మ ఎర్ర రైక చింపి ఇచ్చిందంట.

మిర్యాలగూడ_మిల్లు | 7:58
ప్రతి ఒక్కల నాయనమ్మ రైక చింపిందంటరు భయ్, ఇంకా చీరెలు ఎట్ల మిగిలినయ్

కామ్రేడ్_మనవడు | 8:02
నోరు దగ్గర పెట్టుకో.

గల్లీ_సెక్రటరీ | 8:36
ఆగుర్రి. ఇప్పుడే చౌరస్తల జనగణమన అయిపోయింది, నిలవడి వచ్చిన. బయట ఊర్లోళ్లకు చెప్తున్న, మా నల్గొండల 2021 సంది రోజు పొద్దుగాల 8:30కు మైకుల జనగణమన వస్తది, బండ్లు ఆగుతయ్, కూరగాయలోళ్లు లేసి నిలవడతరు. మనం జెండ పేరు మీద తిట్టుకుంటే మంచిగుంటదా.

పానగల్లు_పోరడు | 9:15
తిట్టేది ఎవరన్నా. సారు సంగతి నాకు ఎరికే. పోయిన వినాయక చవితికి సారు రాసిచ్చిన చందా 200. రెండు వందలు! దానికి రసీదు గూడ అడిగిండు. షాపాయన ఇచ్చిన గుడ్డ లెక్క గడితే వేలల్ల అయితది. రెండు వందలోనికి గొంతు ఉంటది, వేలు ఇచ్చెటోడు నోరు మూసుకోవాల్నా? అసలు సారుకు ముంగటి వరుసల కుర్చి వెయ్యలేదని కోపం, పోలు కాదు కట్టె కాదు.

రిటైర్డ్_సార్ | 9:31
తమ్మీ, పెన్షనుతో బతికేవాడు 200 ఇస్తే అది 200 కాదు. రసీదు అడగడం తప్పా? కుర్చీ విషయం ఎత్తావు కాబట్టి చెప్తున్నా, అవును, వేయలేదు. ముందు వరుసలో షాపాయన బావమరిది కూర్చున్నాడు, అతను మన బస్తీ కూడా కాదు. 71 ఏండ్ల మనిషిని డ్రమ్ము పక్కన నిలబెట్టారు. సరే, అది వదిలేస్తున్నా. పైసలు ఇచ్చేవాడే మాట్లాడాలంటే మీటింగు ఎందుకు, వేలంపాట పెట్టండి, వినాయకుని లడ్డూ లాగా అధ్యక్ష పదవి కూడా పాడుకోండి.

రామగిరి_చెల్లె | 9:34
సార్ ఇది మంచిగ చెప్పిర్రు

సూదీదారం | 10:20
నేను ఎప్పుడు రాయలే, సదువుతుంట అంతే. మా బిడ్డ టైపు చేస్తుంది. నేను ఆ షాపుల మిషను కుడ్త, ఆరేండ్లాయె. మేము నలుగురం ఆడోళ్లం. ఆయన ఇచ్చె ఆ 300 చిన్న జెండలు కుట్టేది మేమే. గుడ్డ తానుల్లెక్క అచ్చు పడి వస్తది, కోసుడు, మూడు దిక్కుల అంచు మడిచి కుట్టుడు, నాలుగో దిక్కు పుల్ల దూరేటట్టు గొట్టం లెక్క కుట్టుడు, కాషాయం పైకి ఉందో లేదో చూసుకుంట పుల్ల ఎక్కిచ్చుడు. ఆర్డరు జెండలకైతే ఒక్కదానికి 3 రూపాయలిస్తడు. ఈ 300కు ఇయ్యడు. "ఇది సేవ అమ్మా, దేశానికి" అంటడు. ఆగస్టుల ఆర్డర్లు మస్తుంటయ్ కాబట్టి పగటిపూట ఆర్డర్ల పని, సేవ జెండలు రాత్రి. పదమూడో తారీకు రాత్రి, పద్నాలుగో తారీకు రాత్రి. తెల్లారి మైకుల దాత అని ఆయన పేరు సదివిండ్రు, శాలువ కప్పిండ్రు. మేము ఎనుక పిల్లలకు చాక్లెట్లు పంచినం.

పానగల్లు_పోరడు | 10:29
అక్కా 300 అంటే 900 రూపాయలు, నలుగురికి తలా 225. గింత దానికోసం మనిషిని బద్నాం చేస్తవా? నీకు ఇబ్బందుంటే షాపుల చెప్పాలె గని అందరి ముంగట ఎందుకు.

సూదీదారం | 10:47
225 రూపాయలు మా ఇంట్ల వారం రోజుల కూరగాయలు తమ్మీ. బద్నాం చేస్తలేను. మా బిడ్డ డిగ్రీ ఫీజు కట్టనీకె 8 వేలు అడ్వాన్సు ఇచ్చిండు, నెలకు ఇంత అని పట్టుకున్నడు, మిత్తి తీస్కోలే. మీ నాయిన ఫ్లెక్సీ సంగతి గూడ నిజమే, ఆ పొద్దు నేనే షాపు తాళం తీసిన. మంచోడే. గని ఆయన చెయ్యి పెద్దది అంటున్నరు సూడు, ఆ చెయ్యిల మా చేతులు గూడ ఉన్నయ్. అందరు ఉచితం ఉచితం అంటుర్రు కాబట్టి ఇంకోటి చెప్త. కౌంటర్ల ఖాతా బుక్కు ఉంటది, లెక్కలు నేనే రాస్త. అందుల మన బస్తీ కమిటీ పేరు మీద ఒక పేజీ ఉంది. సెక్రటరీ తమ్ముడు చెప్తే మంచిగుంటది, నేను చెప్పుడు కాదు.

కామ్రేడ్_మనవడు | 10:51
ఏం పేజీ?

రామగిరి_చెల్లె | 10:52
సెక్రటరీ అన్నా??

చండూరు_మగ్గం | 11:05
పిల్లలకు పంచే చిన్నయన్న గుడ్డయేనా ప్లాస్టిక్కా? 2022 జులై 1 సంది ప్లాస్టిక్ జెండలు బందు.

సూదీదారం | 11:09
గుడ్డయే అన్నా. పుల్ల కట్టెది.

గల్లీ_సెక్రటరీ | 12:40
సరే చెప్త. దాచిపెట్టాలని కాదు. ఆగస్టు 15, బతుకమ్మ, శ్రద్ధాంజలి, ఉర్సు ఇయన్ని ఫ్రీనే. వినాయకునియి మాత్రం ఫ్రీ కాదు, ఉద్దెర. రెండేండ్లయి కట్టలే. స్వాగతం ఆర్చి, లైటింగు మీద బ్యానర్లు, లీడర్లు వస్తరని గేటు కాడి నుంచి మెయిన్ రోడ్డు దాక కొట్టిచ్చిన ఫ్లెక్సీలు, అన్ని కలిపి 22,400. చందాలు డీజేకు, అన్నదానానికే అయిపోయినయ్. ఆయన అడుగుతనే ఉన్నడు, నేను దసరాకిస్త, సంక్రాంతికిస్త అనుకుంట వచ్చిన. మొన్న అన్నడు, "పైసలు అడగను, అధ్యక్షుణ్ణి చెయ్యి, లెక్క నేనే చూస్కుంట" అని. అందుకే ఇక్కడ అడిగిన. ఇదీ సంగతి.

కామ్రేడ్_మనవడు | 12:43
అంటే బాకీ కింద కుర్చి అమ్ముతున్నవ్.

పానగల్లు_పోరడు | 12:50
ఇది నాకు తెల్వదు అన్నా. నువ్వు మొదట్ల రాసినప్పుడు ట్రాక్టరు గుడ్డ గూడ ఇస్తడు అని రాసినవ్.

రిటైర్డ్_సార్ | 1:15
ఉగాది నాడు లెక్కల మీటింగులో ఈ బాకీ ఎందుకు చదవలేదు?

గల్లీ_సెక్రటరీ | 1:18
సార్, ఆ లెక్కల కాయితం మీద కింద సంతకం మీదే ఉంది.

రిటైర్డ్_సార్ | 1:36
నాకు ఖర్చులు చూపించారు, బాకీలు చూపించలేదు. రసీదులన్నీ సరిపోయాయి కాబట్టి సంతకం పెట్టిన. అయినా తప్పు నాదే, అడగాల్సింది. ఎవరికి ఎంత ఇవ్వాలి అని అడగలేదు. బోర్డు వైపు చూస్తూ కూర్చున్నా.

మిర్యాలగూడ_మిల్లు | 1:40
జానెడు సందుల 22,400 పట్టినయ్ సార్

పానగల్లు_పోరడు | 2:05
నేను ఒక్కటి అంటున్న, కోపానికి రావొద్దు. ఇంటికి 250 వేస్తే 90 ఇండ్లకు బాకీ తీరుతది. అది తీర్చినంక ఆయన నిలవడితే నేనే మొదలు చెయ్యి లేపుత. తీర్చకముందు నిలవడితే నేను గూడ లేప, మా నాయిన ఫ్లెక్సీ యాదికున్నా సరే. సార్, రెండు వందల మాట ఎనుకకు తీస్కుంటున్న.

రిటైర్డ్_సార్ | 2:11
250 ఇస్తా. రసీదు కావాలి.

కామ్రేడ్_మనవడు | 2:20
మరి ఆడోళ్ల 900? ఈసారి సేవ జెండలకు కమిటీ తరఫున ఇయ్యాలె, మైకుల నలుగురి పేర్లు సదవాలె. గుడ్డ ఆయనది, కుట్టు వాళ్లది.

పానగల్లు_పోరడు | 2:26
ఇయ్యాలె గని పదేండ్లది లెక్క తీస్తే మళ్ల పంచాయితి. ఈ యేడు కాడికెళ్లి ఇద్దం.

రామగిరి_చెల్లె | 2:27
ఈ యేడు కాడికెళ్లే ఎందుకు? ఆమె ఆరేండ్ల సంది కుడుతుంది అంటుంటే

గల్లీ_సెక్రటరీ | 3:10
రేపు ఆదివారం సాయంత్రం 6 గంటలకు హనుమాన్ గుడి కాడ మీటింగు. షాపాయన్ని గూడ పిలుస్త. ఖాతా పేజీ తెప్పిస్త. సూదీదారం అక్క, నువ్వు వచ్చి చెప్తే మంచిగుంటది.

సూదీదారం | 4:02
రేపు రాలేను తమ్మీ. బడి ఆర్డరు 500 జెండలు సోమవారం పొద్దుటికి ఇయ్యాలన్నడు. మీటింగు ఉందని ఆయన బోతడు, షాపు నేనే చూస్కోవాలె.