ఈ వారం సమస్య: "తలను దీసినపుడె తగ్గె జబ్బు"

నిర్వాహకుడు, కర్నూలు:
ఆటవెలది నాలుగో పాదం ఇచ్చేసినా, పైన మూడు పాదాలు మీవి. తల తీస్తే మనిషే ఉండడు, ఇంక జబ్బెట్ల తగ్గుతాదని అడగొద్దండి, అదే కదా సమస్య. వినాయకుడు, రావణుడు మాత్రం వద్దు సామీ, పోయినసారి అవే ఇరవై వచ్చినాయి. షెడ్డులోనో చేన్లోనో మీ కండ్లతో చూసింది రాయండి.

కడప మామ:
మా అక్క కొడుకు డాలస్ దగ్గర పికప్పుల షెడ్డులో పని చేస్తాడు, మొన్న వీడియో కాల్‌లో బండి క్యాబు, అంటే డ్రైవరు కూర్చునే గది, పైకి లేపేది చూపించినాడు, అది చూసినంక ఇది పుట్టింది.

ఇంజను పొగ జిమ్మె నెక్కడో లీకాయె
చేయి పెట్ట లోన చోటు లేదు
క్యాబు గొలుసు కట్టి గాలిలో నిలిపిరి
తలను దీసినపుడె తగ్గె జబ్బు

నిర్వాహకుడు:
భలే పట్టినావు మామా, క్యాబు తల, ఇంజను గుండెకాయ. కానీ రెండో పాదం యతి చూడు. చే కి చో పెట్టినావు, హల్లు కలిసింది గానీ అచ్చు కలవలేదు, ఏ కి ఓ చెల్లదు. "చేయి పెట్ట లోన జేన లేదు" అను, చే కి జే సరిపోతాది, జేనెడు జాగా గూడా లేదనే మాటా వస్తాది.

మేనల్లుడు, డాలస్:
మామా గొలుసు యాడ చూసినావు? రెండు స్తంభాల లిఫ్టు అది, దాని చేతులు క్యాబు కింద పెట్టి లేపుతాం. మా దగ్గరికి వచ్చే ఫోర్డ్ సూపర్ డ్యూటీ పికప్పుల్లో, అదీ 2008 నుంచి 2010 దాకా వచ్చిన 6.4 లీటర్ల వి8 డీజిల్ అయితే, ఇంజను వెనక సగం డ్యాష్‌బోర్డు కిందికి దూరి ఉంటాది, పెద్ద పనికి క్యాబు లేపితేనే సుఖం. ముందు బ్యాటరీ వైర్లు తీసి, స్టీరింగు రాడ్డు, బ్రేకు పైపులు, హీటరు గొట్టాలు, వైర్ల సాకెట్లు అన్నీ విడదీసి, చివరికి క్యాబును ఛాసీకి, అంటే కింది చట్రానికి, పట్టుకున్న బోల్టులు ఊడదీస్తాం. ఒక్క వైరు మరిచిపోయినా లేపేటప్పుడు పటుక్కుమంటాది, అందుకే ఒక జేనెడు లేపి ఆపి చుట్టూ టార్చి కొట్టి చూస్తాం. పైకి పోయినంక స్టీరింగు, సీట్లు, సీటు మీద ఎవరిదో టోపీ, అన్నీ నెత్తిమీద, కింద ఇంజను ఒక్కటే నడిమింట్లో పెండ్లికూతురు మాదిరి, చుట్టూ తిరిగి పని చేసుకోవచ్చు.

కడప మామ:
సరే అల్లుడా, మూడోది మారుస్తా. "క్యాబు లిఫ్టు మీద గాలిలో నిలిపిరి". గొలుసు పోయినా గణాలు పోలేదు.

అనంతపురం లారీ:
మన లారీలకు ఇంత రామాయణం లేదన్నా, పంపు కొడితే క్యాబు ముందుకు ఒంగుతాది. నేనైతే "తలను వంచినపుడె తగ్గె జబ్బు" అంటా.

నిర్వాహకుడు:
ఇచ్చిన పాదం మార్చకూడదప్పా! మారిస్తే సమస్య నీది, పూరణ నాది అయితాది. టాటా ఏస్ వాళ్లు గూడా వచ్చి మా ఇంజను సీటు కింద ఉండాది, సీటు లేపితే చాలు అంటారు ఇంక.

చీనీ (బత్తాయి) తోట, తాడిపత్రి:

చీని కొమ్మ లెండి చివర నల్లగ మారె
మందు కొట్టి కొట్టి మనసు విరిగె
పచ్చి కట్టె దాక పై కొమ్మలను గోసి
తలను దీసినపుడె తగ్గె జబ్బు

కోసిన చోట బోర్డో పేస్టు, అదే మైలుతుత్తం సున్నం కలిపిన ముద్ద, పూసినా, అది పద్యంలో పట్టలేదు.

నిర్వాహకుడు:
తప్పు పట్టేదానికి ఏం లేదు. ఈ వారం నాకు ఇదే మొదటిది, మామ ఏమనుకున్నా సరే.

షెడ్డు మేస్త్రీ, నంద్యాల చెక్‌పోస్టు:
మాకు తల అంటే క్యాబు కాదు సార్, హెడ్డే, ఇంజను నెత్తిన బోల్టులతో బిగించే దిమ్మ. దాని కింద నీళ్లు, ఆయిలు కలవకుండా పెట్టేది గ్యాసుకెట్టు.

మీగడ వలె నూనె మీదకు తేలెను
హెడ్డు గ్యాసుకెట్టు ఎగిరిపోయె
బోల్టులన్ని పట్టి బొంగరం వలె దిప్పి
తలను దీసినపుడె తగ్గె జబ్బు

నిర్వాహకుడు:
అసలు శ్లేష ఇదీ! తల అంటే హెడ్డు, నాకే తట్టలేదు. నీళ్లు ఆయిల్లో కలిస్తే మూత కింద తెల్లగా మీగడ కడతాదే, అది చూసినోడే రాయగలడు ఆ పాదం. గ్యాసుకెట్టు, ఎగిరి మధ్య సంధి చేయలేదు, షెడ్డు పద్యం కాబట్టి చూడనట్టు పోతాండా.

మేనల్లుడు, డాలస్:
అన్నా పద్యం సూపరు గానీ బొంగరం తిప్పినట్టు విప్పితే హెడ్డు వంకర పోతాది కదా. అంచుల నుంచి మధ్యకు, కొంచెం కొంచెంగా విప్పాల, బిగించేటప్పుడు మధ్య నుంచి అంచులకు.

షెడ్డు మేస్త్రీ:
ఇరవై ఏండ్లుగా అట్లనే విప్పుతాండా తమ్ముడూ, యతి కోసం బొంగరం పెట్టినా అంతే. ఇదిగో తీసుకో, "బోల్టు లంచు నుండి పొట్టదాకను విప్పి".

నిర్వాహకుడు:
బో కి పొ, కుదిరింది. కానీ లంచు, పొట్ట ఒకే పాదంలో పడినాయేంది సామీ?

షెడ్డు మేస్త్రీ:
టైము రెండైంది సార్, అన్నానికి పోతాండా.