ఐ_కౌంట్‌ని రెఫ్‌కౌంట్_టీగా మారిస్తే లీక్ ఆగుతుందా?

కావలి కుర్రోడు:
మా కాలేజీ ల్యాబ్‌లో లినక్స్‌కి చిన్న ఫైల్‌సిస్టమ్ మాడ్యూల్ రాస్తున్నాం. అన్‌మౌంట్ చేసినప్పుడల్లా లాగ్‌లో "బిజీ ఐనోడ్స్ ఆఫ్టర్ అన్‌మౌంట్" అని పడుతోంది. ఎక్కడో ఐనోడ్ (ఒక ఫైల్ వివరాలుంచే కెర్నల్ ఆబ్జెక్ట్) కౌంట్, అంటే దాన్ని ఎంతమంది వాడుతున్నారో చెప్పే ఐ_కౌంట్, తగ్గడం లేదు. అదే లీక్. 2017లో 4.11 కెర్నల్‌తో ఇలాంటి లెక్కల కోసమే రెఫ్‌కౌంట్_టీ అనే కౌంటర్ టైపు వచ్చింది కదా, మేం వాడే కెర్నల్‌లో ఐ_కౌంట్ మాత్రం పాత మామూలు కౌంటర్ టైపు అటామిక్_టీనే. దాన్ని మార్చేస్తే సరిపోతుందని టీమ్‌లో సగం మంది అంటున్నారు. మీరేమంటారు?

ఒంగోలు అడ్మిన్:
మార్చడమే మంచిది తమ్ముడూ. 2016లో బయటపడ్డ కీరింగ్ (కెర్నల్‌లో కీలు దాచే చోటు) బగ్ సంగతి చదువు. ఒక దారిలో కౌంట్ తగ్గించడం మర్చిపోయారు, అంతే. 32 బిట్ల కౌంటర్‌ని పెంచుకుంటూ పోతే చుట్టు తిరిగి సున్నాకి వస్తుంది. వాడుకలో ఉన్న ఆబ్జెక్ట్‌ని కెర్నల్ ఫ్రీ చేసేస్తుంది, మామూలు యూజర్ రూట్ (మెషీన్ మీద పూర్తి అధికారం ఉన్నవాడు) అయిపోతాడు. రెఫ్‌కౌంట్_టీ అయితే పై హద్దులో ఇరుక్కుపోయి వార్నింగ్ ఇస్తుంది. కాస్త మెమరీ పోతుంది, మెషీన్ దక్కుతుంది. చీమకుర్తి గ్రానైట్ యార్డుల సర్వర్లు చూసుకునే నాకు అదే ముఖ్యం.

నెల్లూరు కెర్నల్:
అన్నా, మీరు చెప్పేది దాడి గురించి, వాళ్లడిగేది లీక్ గురించి. తగ్గించాల్సిన చోట తగ్గించకపోతే ఏ టైపూ కాపాడదు. పైగా ఐనోడ్‌కి సున్నా అంటే ఆయుష్షు తీరినట్టు కాదు. ఎవరూ వాడకపోయినా సున్నా కౌంట్‌తో క్యాష్‌లో ఉండగలదు, మళ్లీ అవసరమైతే ఒకటవుతుంది. రెఫ్‌కౌంట్_టీకి సున్నా నుంచి పెంచడమే తప్పు. టైపు మార్చాలంటే ముందు క్యాష్ కూడా ఒక రిఫరెన్స్ (కౌంట్‌లో తన ఒకటి) పట్టుకునేలా వీఎఫ్ఎస్‌నే, అంటే అన్ని ఫైల్‌సిస్టమ్‌లకీ ఉమ్మడిగా ఉండే పొరనే, తిరగరాయాలి. అది ఒక మాడ్యూల్‌లో తేలే పని కాదు.

ఒంగోలు అడ్మిన్:
సున్నా సంగతి ఒప్పుకుంటా. మరి మాడ్యూల్ సొంత స్ట్రక్చర్లకి?

నెల్లూరు కెర్నల్:
వాటికి రెఫ్‌కౌంట్_టీ వాడాల్సిందే, అందులో వాదన లేదు.

తమ్ముడూ, భయపడి ప్రతి ఎర్రర్ దారిలో ఐపుట్ (ఐనోడ్ కౌంట్ తగ్గించే ఫంక్షన్) చేర్చకు. ఐనోడ్‌కి డెంట్రీ (పేరు ఎంట్రీ) ఇచ్చే డీ_ఆబ్టెయిన్_ఏలియాస్ ఫెయిలైనా రిఫరెన్స్‌ని అదే వదిలేస్తుంది. తర్వాత నువ్వూ ఐపుట్ పిలిస్తే లీక్ కాస్తా యూజ్ ఆఫ్టర్ ఫ్రీ (ఫ్రీ చేసేసిన మెమరీని వాడటం) అవుతుంది, అది ఇంకా ఘోరం. ముందు ఐగెట్_లాక్డ్ (ఐనోడ్‌ని వెతికి, లేకపోతే కొత్తది లాక్ చేసి ఇచ్చే ఫంక్షన్) పిలిచిన చోటు చూడు. కొత్త ఐనోడ్ తీసుకున్నాక డిస్క్ బ్లాక్ చదవడం ఫెయిలైతే నేరుగా రిటర్న్ అవుతున్నారా? అక్కడ ఒట్టి ఐపుట్ చాలదు, ఐనోడ్ ఇంకా లాక్‌లోనే ఉంటుంది. లాక్ తీసి కౌంట్ కూడా తగ్గించే ఐగెట్_ఫెయిల్డ్ పిలవాలి. అదే ఫైల్‌ని రెండోసారి తెరిస్తే ప్రాసెస్ కదలకుండా ఆగిపోతోందా? ఆగితే బగ్ అక్కడే ఉంది.